బట్లర్ అనే మాటకు అర్థమేమిటి?

'బట్లర్' అనగానే దొరల బంగళాలో భోజనపు బల్ల సిద్ధపరచే సేవకుడు మనకు జ్ఞాపకమొస్తాడు. 'బట్లర్ ఇంగ్లీషు' అనే మాట కూడా ఆ బంగళాలనుండే వచ్చింది. అయితే బట్లర్, బాటిల్ ఒకే కుటుంబపు మాటలని మనలో ఎందరికి తెలుసు? పాత ఫ్రెంచి భాషలో ద్రాక్షారసపు సీసాలు కనిపెట్టుకొని ఉండేవానికి ఆ పేరు. నేడు పెద్ద హోటళ్లలో ద్రాక్షారసము ఎంచి వడ్డించేవానిని 'సొమెలియే' అంటారు. ఆ మాటకు మూలార్థం బరువులు మోసే పశువులను తోలేవాడు!

1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో యోసేపుతో చెరసాలలో ఉన్నవాడు 'బట్లర్'. నెహెమ్యా 'కప్‌బేరర్', అనగా గిన్నె మోయువాడు. మన తెలుగు బైబిలులో మొదటివాడు పానదాయకుడు, రెండవవాడు గిన్నె అందించువాడు. హెబ్రీలో మాత్రం ఇద్దరికీ ఒకే మాట: 'మష్కె', త్రాగనిచ్చువాడు.

రాజు గిన్నెలో ఎవరైనా విషం కలుపవచ్చు. కాబట్టి మిక్కిలి నమ్మకస్థునికే ఆ పని అప్పగించేవారు. ఇద్దరిదీ ఒకే ఉద్యోగం, ఇద్దరికీ రాజసన్నిధిలో చోటు. కాని ఫరో పానదాయకుడు విడుదల పొంది, యోసేపును రెండేళ్లు మరచిపోయాడు. నెహెమ్యా షూషను కోటలో ఉండి కూడా యెరూషలేమును మరువలేదు. రాజును వేడుకొని వెళ్లి, 52 దినాలలో ప్రాకారం కట్టించాడు.

ప్రియ పాఠకులారా, మనము మంచి ఉద్యోగంలో స్థిరపడిన తరువాత, కష్టకాలంలో మనకు తోడున్నవారిని తలంచుకుంటున్నామా? ఈ ఇద్దరిలో మనమెవరిని పోలియున్నాము?