నిద్రబిళ్లలను తగ్గించుకొను విధము

ఈ పత్రికలో విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయువాడను బిళ్లలను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. నేను వైద్యుడను గాను. కాని రెండేండ్ల క్రిందట వానకాలమున మన సంఘ సభ్యులొకరు ప్రత్తిచేని గట్టుమీద మూర్ఛవచ్చి పడిపోగా, ఆసుపత్రికి మోసికొనిపోయినవారిలో నేనును ఉంటిని. ఆనాడు చేనిలో పురుగుమందు కొట్టుచుండిరి గనుక ఆ మందే సోకినదని అందఱము తలచితిమి. డాక్టరుగారు ఇంటివారిని అడుగగా సంగతి వేఱుగా తేలినది. పంట పోయి, అప్పు మిగిలి, నిద్రపట్టక ఆయన ఏడాదిన్నరగా రోజునకు రెండు ఆల్ప్రాజోలం బిళ్లలు వేసికొనుచుండిరి. "ఇదియు ఒక వ్యసనమే" యని బావమఱది ఎత్తిపొడువగా రోషమువచ్చి, రెండుదినములకు ముందు బిళ్లల అట్టను కాలువలో పాఱవేసిరి. మూర్ఛకు కారణము బిళ్ల మ్రింగుట కాదు, ఒక్కమాఱుగా మానుట.

ఆల్ప్రాజోలం, డయాజిపాం, లోరాజిపాం, క్లోనాజిపాం అనునవి ఒకే జాతి మందులు. ఈ జాతిలో మొదటిది 1960లోను, డయాజిపాం 1963లోను అంగడికి వచ్చినవి. మెదడులో ఉద్రేకమును అణచు గాబా అను పదార్థము సహజముగనే కలదు. ఈ మందులు దాని బలమును పెంచును. అందుచే గాబరా తగ్గి నిద్రవచ్చును. కొలదిదినములకైన మేలే. నెలల తరబడి వాడినచో మెదడు ఆ సాయమునకు అలవాటుపడి తన పనిని తగ్గించుకొనును. దినదినము పైపైన తడిపిన తోటలో మొక్కల వేళ్లు లోతునకు పోక పైమట్టిలోనే ఉండుటను మీరెఱుగుదురు. అట్టి తోటకు ఒక్కసారిగా నీరు కట్టివేసినచో వాడిపోవును. మెల్లగా తగ్గించుకొని వచ్చినచో వేళ్లు దిగును.

వాడుచున్నప్పటి బాధలును కలవు. పగటి మత్తు, మఱపు, కాలు తడబడుట ముఖ్యమైనవి. ముసలివారు రాత్రివేళ లేచి పడి తుంటియెముక విఱుగగొట్టుకొందురు. మత్తు దిగకముందే ట్రాక్టరు తోలుట, గడ్డి కత్తిరించు యంత్రమునొద్ద కూర్చుండుట, రాత్రి మోటారు వేయుటకు ఒంటరిగా బావికడకు పోవుట కూడదు. కల్లుసారాయిలతో గాని, నల్లమందు జాతికి చెందిన నొప్పిమందులతోను దగ్గుమందులతోను గాని కలిసినచో ఊపిరియే మందగించి ప్రాణము పోవచ్చును. ఇట్టి బాధలు కనబడినప్పుడు డాక్టరుగారితో చెప్పి మోతాదు మార్పించుకొనవలెను గాని తమంతట తాము మానరాదు.

కల్లు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. తెలంగాణములో కొన్నిచోట్ల కల్లులో ఈ మందులనే కలుపుట పలుమాఱులు పట్టుబడినది. 2015లో ప్రభుత్వము కల్తీకల్లును గట్టిగా అరికట్టగా నిజామాబాదు మొదలగు జిల్లాలలో అనేకులు వణకు, మూర్ఛ, మతి తప్పుటలతో ఆసుపత్రులపాలైరి. బిళ్లను ఎన్నడును కంట జూడనివారికిని ఈ బాధ రావచ్చును.

ఇక తగ్గించు విధము. కొన్నివారములకు మించి ప్రతిదినము వాడినవారు డాక్టరుగారి కనుసన్నలలోనే మొదలుపెట్టవలెను. 2025లో అమెరికాలోని వైద్యసంఘములు కలిసి ప్రకటించిన సూచనలనుబట్టి, రెండు మొదలు నాలుగు వారములకొకసారి మోతాదులో నూటికి ఐదు మొదలు పది పాళ్లు తగ్గించుటతో ఆరంభింపవచ్చును. రెండువారములలో నాల్గవవంతునకు మించి తగ్గింపరాదు. మనవారు చేయునట్లు రెండు బిళ్లలను ఒక్కటి చేయుట సగము తగ్గించుటయే. అది మిక్కిలి హెచ్చు. దినము విడిచి దినము వేసికొనుటయు తప్పే. నేను చెప్పిన తోటలో తడికి తడికి ఎడము పెంచవచ్చును గాని, ఇక్కడ తగ్గవలసినది మోతాదు, వేళ తప్పరాదు. ఆల్ప్రాజోలం త్వరగా దిగిపోవు మందగుటచే కొందఱికి డాక్టర్లు దానిని నిలుకడగా పనిచేయు డయాజిపాముగా మార్చి, పిమ్మట తగ్గింతురు. మన సభ్యునికిని అట్లే చేసిరి.

తగ్గించిన ప్రతిసారియు కొన్నాళ్లు నిద్రలేమి, చెమట, చేతివణకు, చిన్న చప్పుడునకే ఉలికిపాటు కలుగవచ్చును. దీనిని జూచి "బిళ్ల లేక నేను బ్రదుకలేను" అని నిరాశ చెందువారు పెక్కండ్రు. అది చాలవఱకు మందు తగ్గుటవలని బాధ. మెదడు సర్దుకొనుకొలది తగ్గును. బాధ హెచ్చుగా నున్నచో ఆ మోతాదుననే మఱికొన్ని వారములు నిలుపుమని డాక్టరుగారిని అడుగవచ్చును. మన సభ్యుడు విత్తనము వేయు నెలలోను, కూతురి పెండ్లి నెలలోను తగ్గింపక ఊరకుండిరి. అది తెలివైన పనియే. చివరి ముక్కలను మానుట అన్నిటికన్న కష్టమైనదట. మొత్తము పదునాలుగు నెలలు పట్టినది. ఆయన భార్య ప్రతి మార్పును గోడమీది క్యాలెండరులో గుఱుతు పెట్టుచుండెను. నడుమ సంఘము బాకీ వాయిదాలను మార్చినది. నిద్ర చెడుటకు మూలము అదియే గదా!

ఎస్సిటాలోప్రాం, సెర్ట్రాలిన్ వంటివి వేఱు జాతి మందులు. వానిని ఒక్కసారిగా మానినను తలతిరుగుడు, చికాకు కలుగును గనుక అవియు అడిగియే తగ్గింపవలెను. మందుల దుకాణమువారు చీటి లేక ఆల్ప్రాజోలము అమ్మరాదు. 2014 మొదలు అట్టి అమ్మకమును పుస్తకములో వ్రాసి యుంచవలెననియు నిబంధన గలదు.

మూర్ఛవచ్చినను, లేనివి కనబడుచున్నవని పలికినను క్షణమైన జాగుచేయక 108కి ఫోనుచేసి ఆసుపత్రికి చేర్పవలెను. ఎంత కాలముగా ఏ బిళ్ల వాడినదియు, ఎన్నడు మానినదియు అక్కడ దాపఱికము లేక చెప్పవలెను. మేము ఆనాడు చెప్పలేక పోతిమి. చావుమాటలు తలపెట్టుచున్నవారున్న యింట పురుగుమందు డబ్బాలను తాళములో నుంచి, తాళపుచెవి ఇతరులయొద్ద నుంచుడు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ వారికి 14416 నంబరున రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే చెప్పుకొనవచ్చును.