పిల్లల నోట ధైర్యపు మాట

ధైర్యమనగా ఏడవకుండుట అని మన ఇండ్లలో పిల్లలకు చెప్పుచుందుము. ధైర్యమునకు అంతకంటె లోతైన అర్థము కలదని సింగపూరు బడి పిల్లలు మనకు చూపించిరి.

2015 జూన్ 5వ తేదీ ఉదయము సబాలోని కినబాలు కొండపై భూకంపము వచ్చినది. దాని తీవ్రత 6.0. ఆ కొండ ఎత్తు 4,095 మీటర్లు. బండరాళ్ళు దొర్లిపడి 18 మంది మరణించిరి. వారిలో పదిమంది సింగపూరు నుండి వెళ్ళినవారు: తంజోంగ్ కటోంగ్ ప్రాథమిక పాఠశాల విద్యార్థులు ఏడుగురు, ఉపాధ్యాయులు ఇద్దరు, వారికి తోడుగా వెళ్ళిన మార్గదర్శి ఒకరు. దారులు చెడిపోగా ఆ కొండ ప్రాంతపు మార్గదర్శులే పైన చిక్కుకొన్నవారిని కాలినడకన క్రిందికి తెచ్చిరి.

జూన్ 8ని సింగపూరు సంస్మరణ దినముగా పాటించినది. ఆగ్నేయాసియా క్రీడలు జరుగుచున్న చోట్ల కూడ ఒక నిమిషము మౌనము వహించిరి. పాఠశాల వద్ద పూలు, చేతితో వ్రాసిన చీటీలు నిండినవి.

2016లో, బ్రతికి బయటపడిన విద్యార్థులలో కొందరు మరల ఆ కొండకు వెళ్ళిరి. తాము చూచినది, పోగొట్టుకొన్నది నోరు విప్పి చెప్పిరి. కడజాన్-దుసున్ ప్రజలకు ఆ కొండ పూర్వీకుల ఆత్మలు విశ్రమించు చోటు. అట్టి చోటికి భయముతోనే వెళ్ళినను, వెళ్ళుటయే ధైర్యము.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఎదుట ఆ బిడ్డ పేరెత్తుటకు మనము జంకుదుము. కాని ఆమెకు మిగిలినది ఆ పేరే. తోటి విద్యార్థి వచ్చి "మేమిద్దరము ఒకే బల్లపై కూర్చుండెడివారము" అని చెప్పిన, తాను ఎరుగని ఒక దినము ఆమెకు దక్కును.

మన వారికి ఇది దూరపు సంగతి కాదు. 1942-43లో జపానువారు సియాం రైలుమార్గమునకు మలయా తోటల నుండి కూలీలను తీసికొనిపోయిరి. వారిలో తెలుగువారును ఉండిరి. ఎందరో తిరిగి రాలేదు. బాధ కలుగునని ఇంటిలో వారి మాట ఎత్తుట మానిరి. నేడు వారి పేర్లు ఎరిగిన మనుమలు ఎందరు?

కావున ఉపాధ్యాయులమైన మేము కోరునది ఇది. పిల్లలు చెప్పదలచినపుడు ఆపవద్దు. మొదట ఆ కుటుంబమును అడిగి, జరిగినది జరిగినట్లే చెప్పనిండు. కన్నీరు వచ్చిన రానిండు. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టునపుడు, పోయినవారిలో ఒకరి కథను ఇంటి పిల్లవానిచేత చెప్పించుడు.