ఆల్టీమీటరు చూపే ఎత్తు, అసలు ఎత్తు

చిన్న విమానంలోని ఆల్టీమీటరు నిజానికి ఎత్తును కొలవదు. బయటి గాలి పీడనాన్ని కొలిచి, దానిని అడుగులలోకి మార్చి చూపుతుంది. అధిక పీడన ప్రాంతం నుండి అల్పపీడన ప్రాంతానికి సాగుతున్న పైలట్ ఆ పరికరాన్ని సరిచేయకపోతే, ముల్లు కదలకుండానే విమానం నేలకు చేరువవుతుంది. పాదరస మట్టంలో ఒక అంగుళం తేడా దాదాపు 1,000 అడుగులకు సమానం.

అమెరికా నిబంధనల ప్రకారం, జనసమ్మర్దం గల ప్రాంతాలపై ఎగిరే విమానం తన చుట్టూ 2,000 అడుగుల పరిధిలోని అత్యున్నత అడ్డంకికి 1,000 అడుగులు పైన ఉండాలి. ఆ ఒక్క అంగుళపు పొరపాటు ఈ రక్షణను పూర్తిగా హరించగలదు. అందుకే, 18,000 అడుగుల లోపు ఎగిరేవారు మార్గంలో 100 నాటికల్ మైళ్ళలోపు ఉన్న కేంద్రం ప్రకటించే పీడనానికి ఆల్టీమీటరును సరిచేసుకుంటూ పోవాలి. తీవ్రమైన చలిలో ఈ సవరణ కూడా చాలదు. చల్లగాలిలో విమానం ముల్లు చూపే ఎత్తుకన్నా కిందనే ఉంటుంది కనుక, కొండలపై మరికొంత ఎడం పాటించడమే వివేకం.