పాచిక పడితేనే వీరుడికి ప్రాణం!

బల్ల చుట్టూ నలుగురైదుగురు. పేక లేదు, పందెం లేదు. ఒకరు కత్తివీరుడు, ఇంకొకరు మంత్రగాడు. కథ నడిపే సూత్రధారి "ఎదుట చీకటి గుహ, ఏం చేస్తారు?" అంటాడు. చేసింది నెగ్గిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది.

అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌తో కలిసి కల్పించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట ఇది. బీమా ఉద్యోగం పోయి చెప్పులు బాగుచేసి బతికిన మనిషి గైగాక్స్. 1974లో తొలి విడత 1,000 పెట్టెలే.

చిక్కంతా సూత్రధారిదే. ఏడాదిపాటు పెంచుకున్న వీరుడు ఒక్క చెడ్డ పాచికకు చావొచ్చు. చాటున అంకె మార్చి చెబితే బతుకుతాడు. శకుని పనే గానీ దయతో చేసింది. అది బయటపడితే మాత్రం ఆపై ఏ గండమూ గండంలా తోచదు. అందుకే కొందరు అందరి ఎదుటే విసురుతారు. వీరుణ్ణి పోగొట్టుకున్నవాడు కాసేపు మాట్లాడడు. ఆనక కొత్త కాగితం తీసుకుని మరో పేరు రాసుకుంటాడు.