అట్లాంటా బావ బేస్‌బాల్ జోస్యం... నేవన్‌లో మా పాప లెక్క

సీజన్ మొదలవకముందే ‘ఈసారి కప్పు ఎవరిది’ అని తేల్చేయడం ఆటల పిచ్చి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఐపీఎల్‌కు వారం ముందు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది జ్యోతిష్కులు పుట్టుకొస్తారో చెప్పక్కర్లేదు. మా కుటుంబంలో ఈ పిచ్చి మూడు దేశాలకు పాకింది. ఖమ్మంలో మా తమ్ముడిది సన్‌రైజర్స్. అట్లాంటాలో మా బావది బేస్‌బాల్. ఇక్కడ ఐర్లండ్‌లో, నేవన్‌లో, పదకొండేళ్ల మా పాపది మీత్ కౌంటీ ఫుట్‌బాల్. ముగ్గురికీ నియమం ఒక్కటే. తమ ఆట మొదలయ్యేలోపు అంచనాలు కాగితం మీద రాసి, ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టాలి. తర్వాత దిద్దడానికి వీల్లేదు. మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది.

నేవన్ గురించి రెండు మాటలు. డబ్లిన్‌కు వాయవ్యంగా, కారులో గంట లోపు దూరం. 2022 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 34 వేలు. మీత్ కౌంటీకి ముఖ్య పట్టణం ఇదే. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఊరి పేరు మన ‘వికటకవి’ లాంటిది, ఎటు నుంచి చదివినా ఒకటే. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు, రోజూ డబ్లిన్ వెళ్లొచ్చే ఐటీ ఉద్యోగులే ఎక్కువ.

బావ లెక్క

బేస్‌బాల్ వాళ్లకు సీజన్ ముందు జోస్యం చెప్పడం పండగే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జట్లన్నీ చలి వదిలి ఫ్లోరిడా, అరిజోనాలకు వెళ్లి సాధన ఆటలు ఆడతాయి. అదే సమయానికి బళ్లకు వసంతం సెలవులొస్తాయి. పొద్దున ఆట, మర్నాడు థీమ్ పార్కు. అమెరికాలో ఎన్నో కుటుంబాలకు ఇదొక వాడుక. బావ అభిమానించే అట్లాంటా బ్రేవ్స్ జట్టయితే 1998 నుంచి 2019 దాకా ఆర్లాండోలోని డిస్నీ ప్రాంగణంలోనే వసంత సాధన చేసింది. అందుకే మా అక్క పిల్లలిద్దరికీ బేస్‌బాల్ అంటే ముందు మిక్కీ మౌస్ గుర్తొస్తుంది.

30 జట్లు, ఒక్కో జట్టుకు 162 ఆటలు, చివరకు ప్లే ఆఫ్స్‌కు 12 జట్లు. బావ వాటన్నిటినీ గళ్ల కాగితం మీద వేస్తాడు. ఏ ఆటగాణ్ని ఎవరు కొన్నారు, ఎవరి భుజానికి శస్త్రచికిత్స అయింది, అన్నీ లెక్కలే. 2025లో ఆయన బ్రేవ్స్‌ను పైన పెట్టాడు. అలా పెట్టినవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఆ జట్టు వరసగా మొదటి ఏడు ఆటలూ ఓడి, చివరకు 76 గెలుపులతో ఇంటికెళ్లింది. అంతకు ముందు ఏడాది తన విభాగంలో అట్టడుగున ఉన్న టొరంటో మాత్రం వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్లి, అదనపు ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ చేతిలో ఓడింది.

తమ్ముడి కథా అంతే. 2025 మార్చి 23న సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టేసరికి గ్రూపులో బాణసంచా కాల్చాడు. సీజన్ అయ్యేసరికి జట్టు ఆరో స్థానంలో ఉంది.

వేలం లేని ఆట

పాప ఆట వేరు. గేలిక్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం చెప్తాను. జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. గోల్‌లోకి కొడితే మూడు పాయింట్లు, పై కర్ర మీదుగా వెళ్తే ఒకటి. 2025 నుంచి 40 మీటర్ల గీత బయటి నుంచి కొడితే రెండు. ఇంత జనాదరణ ఉన్నా ఆటగాళ్లకు జీతం లేదు. బడిలో పాఠం చెప్పే టీచరు, బ్యాంకులో పనిచేసే కుర్రాడు ఆదివారం వచ్చేసరికి 82 వేల మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆడతారు.

వేలం కూడా లేదు. మామూలుగా ఏ కౌంటీ వాడు ఆ కౌంటీకే ఆడాలి. బావ డల్లాస్‌కు మారినా అట్లాంటా గురించి జోస్యం చెప్పగలడు, లెక్కలన్నీ ఫోన్‌లో దొరుకుతాయి. మీత్ గురించి చెప్పాలంటే మాత్రం ఊళ్లు తెలియాలి. ఏ పల్లె క్లబ్బులో ఏ కుర్రాడు ఎదుగుతున్నాడు, ఎవరి అన్న మోకాలు దెబ్బతిని ఆగిపోయాడు, పక్క కౌంటీతో ఎప్పటి పగలు ఉన్నాయి... ఇవి రొట్టెల దుకాణం దగ్గర, శిక్షణ అయ్యాక తల్లిదండ్రులు నిలబడే గేటు దగ్గర తెలుస్తాయి. పాప వాటిని మోసుకొచ్చి అన్నం దగ్గర చెప్పేది. మేం నేవన్‌ను చాలావరకు అలాగే నేర్చుకున్నాం.

మీత్ ఏడుసార్లు ఆలిండియా స్థాయి లాంటి ఆలైర్లండ్ కప్పు గెలిచింది. చివరిది 1999. ఏడింటిలో నాలుగు షాన్ బోయ్‌లన్ శిక్షణలో వచ్చాయి. వృత్తిరీత్యా ఆయన మూలికా వైద్యుడు! తర్వాత కరువు మొదలైంది. పక్కనే ఉన్న డబ్లిన్ 2011 నుంచి 2024 దాకా వరసగా 14 సార్లు లెన్‌స్టర్ కప్పు ఎత్తుకెళ్లింది. మీత్ ఛాంపియన్‌షిప్‌లో డబ్లిన్‌ను చివరిసారి ఓడించింది 2010లో. అప్పటికి మా పాప పుట్టలేదు.

2025 జనవరిలో తను రాసిన నాలుగు వాక్యాలు ఇవి. ‘డబ్లిన్‌ను ఓడిస్తాం. లెన్‌స్టర్ కప్పు మనదే. జులైలో క్రోక్ పార్క్‌లో ఆడతాం. అమ్మాయిల జట్టు ఫైనల్‌కు వెళ్తుంది.’ తెలుగు అక్షరాల్లోనే రాసింది. తమ్ముడు చదివి ఫోన్ చేశాడు. “ఈ ‘మనదే’ ఏంట్రా? మనం ఎప్పట్నుంచి మీత్?” అని.

నిజమయిన మూడు వాక్యాలు

ఏప్రిల్ 27న పోర్ట్‌లీష్‌లో మీత్ 23, డబ్లిన్ 19. నేవన్ వీధుల్లో ఆ సాయంత్రం కార్లు హారన్లు కొట్టుకుంటూ తిరిగాయి. ఆకుపచ్చ, బంగారు రంగు జెండాలు కిటికీలన్నిటికీ వచ్చాయి. రెండు వారాలకు ఫైనల్‌లో పొరుగు కౌంటీ లౌత్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓటమి. లౌత్‌కు అది 1957 తర్వాత తొలి లెన్‌స్టర్ కప్పు. 2010 ఫైనల్‌లో చివరి నిమిషాల్లో ఇవ్వకూడని గోల్ ఇవ్వడంతో అదే లౌత్ మీత్ చేతిలో ఓడింది. “వాళ్లకు రావాల్సింది పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చింది” అన్నాడు మా పక్కింటి పెద్దాయన. సొంత జట్టు ఓడిన రోజు కూడా అంత న్యాయంగా మాట్లాడేవాళ్లు ఉంటారని పాప అప్పుడే చూసింది.

జూన్‌లో మీత్ ఏకంగా కెర్రీని తొమ్మిది పాయింట్లతో, గాల్వేను ఒక్క పాయింటుతో ఓడించింది. 2009 తర్వాత తొలిసారి సెమీఫైనల్. తేదీ జులై 13. సరిగ్గా ఆ వారమే బావ కుటుంబం సెలవులకు మా ఇంటికి వచ్చింది.

కూ కల్లన్ మీద సవారీ

డిస్నీ చూసిన పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలి? మాకు అరగంట దూరంలో, యాష్‌బోర్న్ దగ్గర ఎమరాల్డ్ పార్క్ ఉంది. 2022 చివరి దాకా దాని పేరు టేటో పార్క్. టేటో అంటే ఇక్కడి ప్రతి ఇంట్లో ఉండే ఆలుగడ్డ చిప్స్. బంగాళదుంపలు పండించిన రైతు, చిప్స్ వ్యాపారి రేమండ్ కోయిల్ 2010లో దీన్ని తెరిచాడు. పొలాల మధ్య థీమ్ పార్కు, పక్కనే జంతు ప్రదర్శనశాల. డిస్నీతో పోలిస్తే చిన్నదే. కానీ పొద్దున బయల్దేరి రాత్రికి ఇంట్లో పప్పన్నం తినొచ్చు. విమానం టికెట్లు, హోటల్ గదులు అక్కర్లేదు. పులిహోర డబ్బా, పెరుగన్నం పట్టుకెళ్లి పిక్నిక్ బల్ల మీద పెట్టుకున్నాం.

ఐర్లండ్‌లో ఎండలు మండిన అరుదైన శనివారం అది. అక్క పిల్లలు నేరుగా కూ కల్లన్ దగ్గరకు పరిగెత్తారు. 2015లో మొదలైన చెక్క రోలర్ కోస్టర్ ఇది. దాదాపు 32 మీటర్ల ఎత్తు, కిలోమీటరుకు పైగా పొడవు, మధ్యలో తలకిందులు కూడా చేస్తుంది. చెక్క కోస్టర్ కాబట్టి గడగడమనే చప్పుడు, ఒళ్లంతా కుదుపు. దిగాక బావ ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు.

వరసలో నిలబడ్డప్పుడు పాప వాళ్లకు ఆ పేరు కథ చెప్పింది. కూ కల్లన్ చిన్నప్పటి పేరు సెటాంటా. విందుకు వెళ్తూ హర్లింగ్ కర్ర, బంతి వెంట పట్టుకెళ్తాడు. కాపలా కుక్క మీద పడితే, బంతిని కర్రతో దాని గొంతులోకి కొట్టి చంపుతాడు. కుక్క యజమాని బాధ చూసి, కొత్త కుక్క పెరిగేదాకా నేనే కాపలా ఉంటానంటాడు. అలా ‘కల్లన్ గారి కుక్క’ అన్న అర్థంలో ఆ పేరొచ్చింది. “అంటే బేస్‌బాల్ ఆడేవాడన్నమాట” అన్నాడు అక్క కొడుకు. బావేమో మా చిర్రగోనె కూడా ఇదే అన్నాడు. కోస్తావాళ్లు బిళ్లంగోడు అంటారు, ఎవరి పేరు వాళ్లది.

ఆ సాయంత్రం పెరట్లో బావ బేస్‌బాల్ విసిరితే, పాప కమోగీ కర్రతో పక్కింటి పెరట్లోకి కొట్టింది. అమ్మాయిలు ఆడే హర్లింగ్‌ను కమోగీ అంటారు. యాష్‌బోర్న్‌లో బేస్‌బాల్ క్లబ్బు కూడా ఉందని తెలిసి బావ ఆశ్చర్యపోయాడు. డబ్లిన్‌లోని కోర్కా పార్క్‌లో అయితే డాడ్జర్స్ మాజీ యజమాని పీటర్ ఓ మాలీ సాయంతో 1998లోనే బేస్‌బాల్ మైదానం వచ్చింది. ఓ మాలీ వంశం ఐర్లండ్ నుంచి వెళ్లిందే. సముద్రం దాటినా ఆటతో ఊరిని పట్టుకుని ఉండటం మన ఒక్కరి అలవాటు కాదు.

ఓడినా మన జట్టే

మర్నాడు క్రోక్ పార్క్. డొనెగాల్ 3-26, మీత్ 0-15. లెక్క కట్టుకుంటే ఇరవై పాయింట్ల తేడా. పాప టోపీ ముఖం మీదకు లాక్కుని ఏడ్చింది. బావ పక్కన కూర్చుని, “మా ఆటలో 162లో అరవై ఓడినవాళ్లు కూడా కప్పు ఎత్తుతారమ్మా. ఓడిన రోజు గ్యాలరీలో ఉన్నవాళ్లే అసలు అభిమానులు” అన్నాడు. పాప కళ్లు తుడుచుకుని, “మామయ్యా, మాకు 162 లేవు. ఏడాదికి ఇదొక్కటే” అంది. దానికి బావ దగ్గర జవాబు లేదు. తర్వాత లెక్క చూస్తే, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచిన డాడ్జర్స్ మామూలు సీజన్‌లో 69 ఆటలు ఓడింది. మీత్ చేతిలో చిత్తుగా ఓడిన కెర్రీయే చివరకు ఆలైర్లండ్ కప్పు గెలిచింది.

బావవాళ్లు తిరిగి వెళ్లాక వచ్చిన రోజులు ఇక్కడి భారతీయులకు మరచిపోలేనివి. జులై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిపై దారుణంగా దాడి జరిగింది. మరికొన్ని దాడుల వార్తలు కూడా రావడంతో ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పింది. నిర్మానుష్య ప్రాంతాలకు, ముఖ్యంగా వేళ కాని వేళ వెళ్లొద్దని. మన గ్రూపుల్లో భయం, కోపం. ఖమ్మం నుంచి అమ్మ రోజుకు రెండుసార్లు ఫోన్.

ఆగస్టు 3 ఆదివారం అమ్మాయిల ఆలైర్లండ్ ఫైనల్. మీత్, డబ్లిన్. పాప నాలుగో వాక్యం. టికెట్లు ముందే కొన్నాం. వెళ్లాలా వద్దా అని శనివారం రాత్రి దాకా నేనూ మా ఆవిడా తేల్చుకోలేదు. పాప క్లబ్బు తల్లిదండ్రుల గ్రూపులో ఒకావిడ పెట్టిన సందేశంతో తేలింది. ‘రేపు మీరు మాతో బస్సులో వస్తున్నారు. సీట్లు ఉంచాం.’ దాడుల గురించి ఒక్క మాట లేదు. ఎందుకు పెట్టిందో మాకు అర్థమైంది.

వెళ్లాం. మీత్ ఓడింది. 2021లో డబ్లిన్ వరస విజయాలకు అడ్డుకట్ట వేసి, 2022లోనూ కప్పు గెలిచిన జట్టు అది. ఆ రోజు డబ్లిన్‌దే పైచేయి. బస్సులో వెనక సీటు పిల్లలు పాడుతూనే ఉన్నారు. ఆ జెర్సీ కవచం కాదు. అది వేసుకుంటే ఎవరూ ఏమీ అనరని నేను పాపకు చెప్పలేదు, చెప్పను. కానీ పేరు పెట్టి పిలిచే ముప్ఫై మంది ఉన్న ఊళ్లో ఉండటానికి, ఎవరికీ తెలియని ఊళ్లో ఉండటానికి తేడా ఉంది. ఆ ముప్ఫై మందీ పాప జోస్యం వల్ల మాకు దొరికారు.

ఈ ఏడాది కాగితం

మీరు న్యూజెర్సీలో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా ఒక పని చేసి చూడండి. ఐపీఎల్ జోస్యం మానొద్దు. దాని పక్కనే మీ ఊరి జట్టు గురించి పిల్లలతో ఒక కాగితం రాయించండి. రగ్బీ కావచ్చు, ఐస్ హాకీ కావచ్చు. నిజమవుతుందా లేదా అన్నది అటుంచండి. రాయాలంటే వాళ్లు ఊళ్లో పదిమందిని అడగాలి.

2026కు బావ ఆర్లాండో ప్రయాణం ప్రతిపాదించాడు. మార్చిలో రమ్మంటే, లీగ్ ఆటలు ఉన్నాయని పాప ఒప్పుకోలేదు. వేసవిలో అంటే ఛాంపియన్‌షిప్ అంది. చివరకు అక్టోబరు నెలాఖరున బడికిచ్చే వారం సెలవులకు కుదిరింది. అప్పటికి ఇక్కడ మైదానాలు చల్లబడతాయి, అక్కడ వరల్డ్ సిరీస్ నడుస్తుంటుంది. బావ గళ్ల కాగితం నిజమో కాదో ఆయన ఎదురుగానే చూస్తాం.

పాప కాగితం ఈసారి ఐదు వాక్యాలు. మొదటిది ‘లెన్‌స్టర్ కప్పు మనదే’. మళ్లీ అదే. తమ్ముడు ఫొటో చూసి, ‘మన జట్టులో గోల్ కీపర్ ఎవరు?’ అని అడిగాడు.