ఆస్పరాగస్ మొలవలేదా? కుండీ అప్పుడే పారబోయకండి!

"అన్నా, సూపర్‌మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే ఆస్పరాగస్ మన అనంతపురంలో వస్తుందా?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు నా కథ వినండి.

బెంగుళూరులో ఉద్యోగం చేసేటప్పుడు ఆన్‌లైన్లో విత్తనాలు తెప్పించి, ఊర్లో మిద్దె మీద వేశాను. అదీ ఏప్రిల్లో! రెండు వారాలు చూశా, మొలక లేదు. కుండీ మట్టంతా పారబోశా. మా అవ్వ చూసి, "దీనికి దుడ్లు పెట్టినావా? కొండలో పిల్లిపీచర ఉండాది కదరా" అనింది.

పిల్లిపీచర అంటే శతావరి. శాస్త్రీయంగా ఆస్పరాగస్ రేసిమోసస్. సూపర్‌మార్కెట్‌ది ఆస్పరాగస్ అఫిసినాలిస్. రెండూ చుట్టాలే. కాకపోతే దాంట్లో లేత మొలకలు తింటారు, దీంట్లో గడ్డల కోసం పెంచుతారు. అఫిసినాలిస్‌ని విత్తనం నుంచి పెంచితే కోతకు మూడేళ్ళు పడుతుంది, పైగా దానికి చలికాలం విశ్రాంతి ఉంటే మంచిది. మనకు ఏడాదికి వచ్చే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. పిల్లిపీచర గడ్డల్లో నీళ్ళు దాచుకుంటుంది కాబట్టి, తీగ ఎండినా వాన పడగానే మళ్ళీ చిగురేస్తుంది.

ఎర్రగా పండిన కాయల్లో నల్ల గింజలుంటాయి. గుజ్జు కడిగేసి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. గింజ పైపొర గట్టిది, అందుకే. జూన్‌లో తొలివానలకు ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, అర అంగుళం లోతులో వేయండి. కుండీ నీడలో పెట్టి, తడి ఆరకుండా చూడండి. నీళ్ళు మాత్రం నిలవకూడదు, వేరు కుళ్ళిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మూడు వారాలకు, కొన్ని నెల దాటాక వస్తాయి. డీబగ్ చేస్తున్నట్టు రోజూ తవ్వి చూడకండి! రెండోసారి నేను వేసిన 20 గింజల్లో 9 మొలిచాయి. ఆఖరిది 47వ రోజు వచ్చింది. మొదటిసారి పారబోసిన కుండీ అప్పుడు గుర్తొచ్చింది.

జానెడు పెరిగాక పెద్ద సంచిలోకి మార్చి, పాకడానికి కర్ర పెట్టండి. ముళ్ళుంటాయి, జాగ్రత్త. గడ్డలకు కనీసం ఏడాదిన్నర, రెండేళ్ళు ఆగాలి. తవ్వినప్పుడు మొదలు, కొన్ని వేర్లు తిరిగి నాటితే మళ్ళీ పెరుగుతుంది. కొండల్లో అలా ఎవరు నాటుతారు? మొత్తం పెరికేస్తారు. అందుకే గడ్డ కోసం కొండకు పోకుండా గింజ వేయమంటున్నా. మందుగా వాడాలంటే మాత్రం డాక్టర్‌ని అడగండి, నన్ను కాదు.

నా 9 మొక్కలకు అవ్వ దొండపందిరి పక్కన జాగా ఇచ్చింది. పాత్రలు కడిగిన నీళ్ళు అటే పోతాయి, బోరు వేయక్కర్లేదు.