సముద్రంలో కలిసే నీళ్లు వృథానా?

‘మెరైన్ బయాలజీ చదువుతున్నా’ అనగానే చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతారు.. ‘అంటే డాల్ఫిన్లతో ఫొటోలు దిగడమా?’ అని. నిజం చెప్పనా? నా చదువులో సగం బురదే!

మా ఫీల్డ్‌వర్క్ కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో. 1978లో అభయారణ్యమైన ఈ అడవి దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి తెచ్చే మంచినీళ్లు, సముద్రపు పోటు తెచ్చే ఉప్పునీళ్లు ఇక్కడ కలుస్తాయి. ఏది ఎంత కలిసిందో కొలవడమే మా పని.

ఎలాగంటారా? రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో ఇమిడే చిన్న గొట్టం ఉంటుంది. దాని గాజు మీద రెండు చుక్కల నీళ్లు వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే ఉప్పు ఎంతో తెలిసిపోతుంది. సముద్రంలో అయితే కిలో నీటికి దాదాపు 35 గ్రాములు. వరదల టైమ్‌లో ఇక్కడ పైనీళ్లు చప్పగా ఉన్నా, అదేచోట అడుగున ఉప్పగా ఉండొచ్చు. ఉప్పునీరు బరువు కదా, కిందికి చేరుతుంది. అందుకే పైనా కిందా, పోటులో ఆటులో.. వేర్వేరుగా శాంపిల్స్ తీస్తాం.

ఇంతా చేసి ఏంటి లాభం? టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు మాత్రం పెరగడానికి ఈ మడల మధ్యకే వస్తాయి. రాలిన ఆకులు కుళ్లి వాటికి మేత తయారవుతుంది, వేర్ల సందులు దాక్కునే చోటవుతాయి. మన పులసది రివర్స్ రూటు. వానాకాలంలో ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకి వస్తుంది, గుడ్లు పెట్టడానికి. నది నుంచి మంచినీళ్లు రాకపోతే ఈ రాకపోకలన్నీ దెబ్బతింటాయి. వేసవిలో ధవళేశ్వరం దిగువకు నీళ్లు తగ్గితే, ఉప్పు పాయల్లో ఇంకా పైకి ఎక్కుతుంది.

నీళ్లతోపాటు నది ఇసుకా ఒండ్రూ తెస్తుంది. కాకినాడకు అలల నుంచి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ అలా పోగుపడిన ఇసుకే!

కానీ వరదొచ్చిన ప్రతిసారీ మన ఫోన్లలో ఒకటే హెడ్డింగ్.. ‘సముద్రంలోకి వృథాగా గోదావరి జలాలు’. చేలకు నీళ్లొద్దని నేననను. మా ఇంట్లో ఉడికే బియ్యం కూడా ఆ కాలవ నీళ్లవే. అయితే వాటాలు వేసేటప్పుడు రొయ్యకీ, పులసకీ, వాటి మీద బతికే వేటగాళ్లకీ కూడా ఒక వాటా రాయాలి. అది ఎంతో చెప్పాలంటే నెలనెలా, ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలుండాలి.

ఆ లెక్కల కోసమే మేం మోకాలి లోతు బురదలో దిగేది. ఈసారి ‘వృథా’ అన్న హెడ్డింగ్ కనిపిస్తే, షేర్ కొట్టేముందు ఒక్క క్షణం పులసని గుర్తుచేసుకోండి!